గుడ్ల అట్టలతో క్లాక్ టవర్ దాటిన సైకిల్

నమ్మాల్నా వద్దా అన్నది విన్నంక మీ ఇష్టం. ఇరవై ఎనిమిదేండ్లు బడిల పాఠాలు చెప్పినదాన్ని, చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు అలవాటు. పోయిన ఆదివారం పొద్దుగూకే యాళ్లకు మా ఇంటి వరండాల నేనొక ముచ్చట చెప్పిన. అది ఉత్త కాలక్షేపం ముచ్చట కాదు. నా మనుమరాలు స్నిగ్ధ సైకిల్ మీద కాలేజీకి పోవుడా, పోకపోవుడా అన్నది దాని మీదనే ఆధారపడి ఉండె.

ముందు సంగతి అర్థం కావాలె. మా ఇల్లు మహబూబ్‌నగర్ల రైల్వే గేటు అవతల. స్నిగ్ధ కాలేజీ మెట్టుగడ్డ కాడ. నడుమ ఊరంతా ఉన్నది. పిల్ల షేర్ ఆటోల డ్రైవరు పక్కన సగం సీటు మీద కూసోని పోతది. ఆటో నిండేదాక కదలదు, కదిలేసరికి మొదటి పీరియడ్ అయిపోతది. నా పాత సైకిల్ ఇస్తే తొక్కుకుంట పోతనని నెల నుంచి అడుగుతున్నది. వాళ్ల నాయిన, అంటే నా కొడుకు సతీశ్, జడ్చర్ల ఫ్యాక్టరీలకు మనుషులను తీసుకపోయే బస్సు నడుపుతడు. పైన స్టీరింగు ముందర కూసున్నోనికి కింద సైకిల్ కనవడదు, నాకు తెలుసు, వద్దు అంటడు. నెల నుంచి ఆయనదీ అదే మాట.

ఆ ఆదివారం పెద్దులు సైకిల్ బాగుచేసి తెచ్చిండు. గేటు కాడ పంక్చర్ల దుకాణం ఆయనది. కొత్త ట్యూబులు, కొత్త బ్రేకు రబ్బర్లు, గంట గూడ తుడిచి నూనె వేసిండు. బిక్షమ్మ గూడ ఉండె. మా బడిల పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిన మనిషి, ఇప్పటికీ ఆదివారమైతే నన్ను చూడనీకి వస్తది. అందరం చాయ్ తాగుతున్నం. సతీశ్ సైకిల్ దిక్కు చూసి, ఎందుకు పెద్దులన్నా రబ్బర్లు ఖరాబు చేసినవు, రేపు ఎవరికన్నా ఇచ్చేస్త అన్నడు. స్నిగ్ధ చాయ్ గ్లాసు కింద పెట్టి గోడ దిక్కు తిరిగింది. ఇగ నేను ఊకుంటనా.

ఒక చాక్‌పీసు తెచ్చి వరండా బండల మీద పటం గీసిన. ఏ పాఠానికైనా ముందు భూగోళం, తర్వాత చరిత్ర. ఇది రైల్వే గేటు, ఇది క్లాక్ టవర్, ఇది న్యూటౌన్, ఇగో ఈ మూలకు మెట్టుగడ్డ, మా బడి. సతీశా, నువ్వు గూడ ఇటు చూడు అన్న. మొదలువెట్టిన.

రాష్ట్రమొచ్చిన రెండో యేడు. నేను ఐదేండ్లు ఈ తొవ్వలనే ఈ సైకిల్‌తోనే బడికి పోయిన, అది మీకెరుకే. ఆ రోజు పిల్లలకు గుడ్డు పెట్టే రోజు. పెద్దసారు సెలవుల ఉండె, బడి నా చేతుల ఉండె. పన్నెండున్నరకు ఆఫీసరు చూడనీకి వస్తడని కబురు. గుడ్లు తెచ్చే ఆటోనేమో రాలే. నూట ఇరవై మంది పిల్లలు, అట్టకు ముప్పై గుడ్లు, మరి ఎన్ని అట్టలు కావాలె? పెద్దులు నాలుగు అన్నడు. శెభాష్ అన్న. ఆ నాలుగట్టలు గేటు కాడి దుకాణంల తీసుకొని, ఒకదాని మీద ఒకటి పేర్చి, కారియర్‌కు రబ్బరు తాడుతో కట్టి, ఒక్కదాన్నే బయలెల్లిన. ఒక్క గుడ్డు పలగకుంట బడికి చేర్చిన. అంతే.

అంతేనా అని సతీశ్ లేవబోయిండు. చూడండి, నిజం చెప్తే ఎంత తొందరగ అయిపోతదో. ఆయన లేచిపోతే పిల్ల సైకిల్ గూడ పోతది. కూసో బిడ్డా, అసలు పాఠం ఇప్పుడే మొదలు, గేటు సంగతి చెప్పనే లేదు అన్న.

గేటు కాడికి వచ్చేసరికి గూడ్సు బండి వస్తున్నది, గేటు కర్ర కిందికి దిగుతున్నది. ఇక్కడ లారీలు, ఇక్కడ ఆటోలు, ఇక్కడ మోటర్ సైకిళ్లు, అన్నీ ఆగినయి. బండి పోయేదాక ఆగితే గుడ్లు ఉడికేదెప్పుడు, ఆఫీసరు తినేదెప్పుడు? తల వంచిన, హ్యాండిల్ వంచిన, అట్టల మీది గుడ్లకు గూడ వంగుమని చెప్పిన, కర్ర కింద నుంచి సర్రున పోయిన. గేటు కాడ పటంల ఒక ఇంటూ గుర్తు పెట్టిన, ప్రమాదం నంబరు ఒకటి అని. గుడ్లు ఎట్ల వంగుతయి టీచరమ్మా అని పెద్దులు అడిగిండు. నా చేతుల పడితే మొద్దుపిల్లలే వంగిన్రు, గుడ్లెంత అన్న.

ఆ తర్వాత ఏమైందో ఎవరు చెప్తరు? ఎవరూ చేయెత్తలే. నేనే చెప్పిన. గేటు దాటంగనే రోడ్డు నిండ గొర్ల మంద. నాలుగైదు వందలుంటయి. మందకు ఇటు పక్క బస్సు, అటు పక్క డీసీఎం వ్యాను, హారన్ల మీద హారన్లు, గొర్లు ఒక్కటి కదలదు. నేను సైకిల్ గంట కొట్టిన. ఊరికే కాదు, బడిల ప్రార్థనకు ఎట్ల కొడతమో అట్ల, ఆపి ఆపి. గొర్లు ఒక్కసారి తలకాయలెత్తినయి. చూస్తుండంగనే రెండు వరుసలైనయి, పొట్టియి ముందర, పొడుగుయి ఎనుక, నడుమ నాకు దారి. ఎనుక నిలవడ్డ ఒక పొట్టేలు మాట్లాడుతుంటే నేను ఒక్క చూపు చూసిన, నోరు మూసింది. ప్రమాదం నంబరు రెండు. బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను చూడనట్టే ఉన్న.

ఇగ క్లాక్ టవర్. అక్కడ నేను కుడికి తిరగాలె. నాలుగు దిక్కులకెల్లి బండ్లు, ఎవరికెవరు ఆగరు. కుడిచెయ్యి తీసి నిండుగ చాపిన. ఇక్కడ స్నిగ్ధకు చెయ్యి ఎట్ల చాపాలెనో చేసి చూపెట్టిన, మోచెయ్యి వంగొద్దు, వేళ్లు విడువొద్దు. నా చెయ్యి చూడంగనే హైదరాబాద్ బస్సు ఆగింది, దాని ఎనుక లారీ ఆగింది, అట్ల ఆగుకుంట ఆగుకుంట జడ్చర్ల దాక బండ్లు ఆగినయి. ట్రాఫిక్ పోలీసాయన నా పాత విద్యార్థి, విజిల్ నోట్లకెల్లి తీసి నమస్తే టీచర్ అన్నడు. పైన గడియారం ముల్లు గూడ నేను తిరిగేదాక ఆగింది. ఆ ఆరు అట్టలు చెక్కు చెదరలే.

నాలుగట్టలు కదా అవ్వా అన్నది స్నిగ్ధ మెల్లగ. పిల్లలు ఎక్కువ వచ్చిన్రు అన్న. మూడో ఇంటూ పెట్టిన.

ఇప్పుడు నాకే ఊపొచ్చింది. చెప్పేటోళ్లకు ఒక దశ వస్తది, అప్పుడు ముచ్చటనే మనిషిని గుంజుకపోతది. న్యూటౌన్ దాటినంక పల్లం. సరిగ్గ ఆడనే బ్రేకు వైరు తెగింది. పెద్దులు తలకాయ ఊపి, ఈ సైకిల్‌కు వైర్లు లేవు టీచరమ్మా, రాడ్ల బ్రేకులు అన్నడు. రాడ్డే తెగింది అన్న. బ్రేకు లేదు, పల్లం ఉన్నది, కారియర్ మీద ఎనిమిదట్టల బరువున్నది, ఇగ స్పీడు ఎంత కావాలె? ఇందాక ఆగిన హైదరాబాద్ బస్సు నా ఎంబడి పడ్డది. డ్రైవరు ఎంత తొక్కినా అందుకోలే. కిటికీలకెల్లి తల బయటపెట్టి, టీచరమ్మా ఇది ఎన్ని గేర్ల బండి అని మొత్తుకుంటున్నడు. జవాబు చెప్పేలోపు ఆయన కనవడకుంట పోయిండు. అంతల ఎదురుంగ పైపులైన్ కోసం తవ్విన గుంత. పన్నెండు అడుగులు. పన్నెండు కాదు, పద్దెనిమిది. హ్యాండిల్ లేపిన. సైకిల్ గాలిలకు లేచింది, అట్టలల్ల గుడ్లు గూడ లేచినయి, మూడు వందల గుడ్లు కొంగల గుంపు తీరుగ నా ఎంబడి గాలిల వస్తున్నయి. అవతలి గడ్డ మీద చక్రం ఆనంగనే ఒక్కొక్కటి వచ్చి దేని గుంతల అది కూసున్నది, రోల్ నంబరు ప్రకారం. నాలుగో ఇంటూ, అయిదో ఇంటూ.

ఆఖరి సంగతి వినండి. రెండు చేతులు గట్టిగ రుద్దితే వేడి పుడతది, సైన్సుల చదువుకున్నం గదా. పాలమూరు ఎండ ఒక దిక్కు, గాలి రాపిడి ఒక దిక్కు. బడి గేటు కాడ దిగి చెయ్యి పెట్టి చూస్తే గుడ్లు కాలుతున్నయి. పగలగొట్టి చూస్తే ఉడికినయి. పొయ్యి లేదు, కట్టె లేదు, నీళ్లు లేవు. ఆఫీసరు ఒక గుడ్డు తిని, మరో గుడ్డు తిని, ఇంత సమంగ ఉడికిన గుడ్డు నా సర్వీసుల చూడలే అని రిజిస్టర్ల ఎర్ర సిరాతో రాసిపోయిండు. కావాలంటే ఇప్పటికీ ఉంటది.

చాక్‌పీసు కింద పెట్టి చేతులు దులుపుకున్న. ఇంతకన్న గెలుపు ఏముంటది అనుకున్న. సతీశ్ దిక్కు చూసిన.

సతీశ్ నవ్వుత లేడు. బండల మీది పటం చూస్తున్నడు. గేటు కాడికెల్లి మెట్టుగడ్డ దాక నేను పెట్టిన ఇంటూ గుర్తులు. నా వివరించే అలవాటు నన్నే ముంచింది. ఏడ బస్సు వస్తది, ఏడ గుంత ఉంటది, ఏడ బ్రేకు తెగుతది, అన్నీ పిల్లవానికి చెప్పినట్టు విడమరిచి చెప్పిన.

"అమ్మా, గుడ్లు ఎగిరినయో లేదో నాకెరుక లేదు" అన్నడు. "కానీ గేటు పడుడు నిజం, బస్సు ఎంబడి పడుడు నిజం, గుంతలు నిజం. నేను రోజూ చూస్తున్న. గిట్లాంటి తొవ్వల నా బిడ్డను పంపుమంటవా?"

స్నిగ్ధ లేచి సైకిల్ కాడికి పోయి, సీటు మీద చెయ్యి వేసి నిలవడ్డది. వదిలిపెట్టే ముందర చూసుకున్నట్టు.

అప్పుడు బిక్షమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"సతీశా, గవన్ని ఏం కాలే" అన్నది. "గా గుడ్లు ఉడకవెట్టింది నేను. పెద్ద గంజుల, కట్టెల పొయ్యి మీద, కండ్లల్ల పొగ పోంగ. ఆ రోజు టీచరమ్మ సైకిల్ ఎక్కనే లేదు."

పెద్దులు చాయ్ గుటక మింగకుంట ఆగిండు. బిక్షమ్మ నిదానంగ మిగతాది గూడ చెప్పింది. ఆ పొద్దున తనే గేటు కాడికి వచ్చిందట, ఇద్దరు కలిసి అట్టలు కారియర్ మీద పెట్టిన్రట, నేను ముందర హ్యాండిల్ పట్టుకొని నడిపించుకుంట, తాను ఎనుక రెండు చేతులతోని అట్టలు పట్టుకొని, రోడ్డు పక్క పొంటి మెట్టుగడ్డ దాక గంటన్నర నడిచినమట. గేటు పడితే బండి పోయేదాక నిలవడ్డమట. గొర్లు పోయేదాక గూడ నిలవడ్డమట. గుంత కాడ చుట్టు తిరిగి పోయినమట.

"ఆ రోజే కాదు బిడ్డా" అన్నది. "అయిదేండ్లు టీచరమ్మ అట్లనే వచ్చింది. గేటు కాడ దిగుతుండె, క్లాక్ టవర్ దాటేదాక నడిపించుకుంట పోతుండె, రోడ్డు సాఫ్‌గ ఉన్నకాడ ఎక్కుతుండె. మేం ఎన్కకెల్లి చూసి నవ్వేటోళ్లం, గిదేం సైకిల్ సవారీ అని. కానీ ఒక్కనాడు బండి తాకలే. ఒక్కనాడు లేటు గాలే."

సతీశ్ నా దిక్కు తిరిగి, నిజమేనా అమ్మా అన్నడు. స్నిగ్ధ గూడ నా మొఖంలకే చూస్తున్నది. పిల్లలకు నిజం చెప్పుమని ఇరవై ఎనిమిదేండ్లు చెప్పినదాన్ని, మనుమరాలి ముందర ఏం చేస్త.

"ఔ బిడ్డా. దిగే పోయేది."

సతీశ్ పెద్దులును పానా ఉన్నదా అని అడిగిండు. పెద్దులు జేబులకెల్లి తీసిచ్చిండు. నా కొడుకు సైకిల్ ముందర మోకాళ్ల మీద కూసోని బోల్టు వదులు చేసి సీటు కిందికి దించిండు. స్నిగ్ధను ఎక్కి కాళ్లు ఆనుతయో లేదో చూడుమన్నడు. ఆనినయి. బోల్టు బిగించుకుంట, తల ఎత్తకుంటనే చెప్పిండు.

"గేటు కాడ దిగాలె. క్లాక్ టవర్ దాటినంకనే ఎక్కాలె. దిగుడు నామోషి అనుకునేటట్టయితే ఇప్పుడే చెప్పు."

"అనుకోను డాడీ" అన్నది స్నిగ్ధ. అప్పటికే ఆమె వేలు గంట మీద ఉన్నది.

ఆ గంట చప్పుడు వినంగనే నా ప్రాణం మళ్ల లేచొచ్చింది. ఎవరి పాఠంతోని ఒప్పుకున్నట్టు, నా పాఠంతోని కాదా? నేను పటం గీయకపోతే సతీశ్‌కు భయమెక్కడిది, ఆయన భయపడకపోతే బిక్షమ్మ నోరు విప్పుడెక్కడిది? ఇదే మాట అందరికి విడమరిచి చెప్పిన. పెద్దులు ఒప్పుకున్నడు. ఒప్పుకోక ఏం చేస్తడు, రెండో చాయ్ నా ఇంట్లనే తాగుతున్నడు.

అయితే ఒక్కటి మాత్రం రాసిపెట్టుకో పెద్దులూ అన్న. నడిపించుకుంటనే పోయిన, కాదంట లేను. కానీ ఆ నడక ఎసొంటి నడక అనుకున్నవు? ఆ రోజు మేమిద్దరం గుడ్ల అట్టలతోని నడుచుకుంట, హైదరాబాద్ బస్సును దాటేసి పోయినం. ఇది మాత్రం అక్షరాల నిజం, బిక్షమ్మనే సాక్ష్యం, అడుగు.

పెద్దులు బిక్షమ్మ దిక్కు చూసిండు. బిక్షమ్మ ఖాళీ గ్లాసు పక్కకు పెట్టి, కొంగు సర్దుకొని, లేచింది.

"దాటినం, నిజమే" అన్నది. "టైరు విప్పి పక్కకు పెట్టుకున్నరు వాళ్లు."