రెండు దెబ్బల రూపాయి

అమీర్‌పేటలో పాత నాణేలు కొనే క్రీస్తుదాసు దుకాణం. మధ్యాహ్నం. కౌంటర్ ఇవతల రాకేశ్ నిలబడి ఉన్నాడు.

“ఊకె తిప్పి తిప్పి చూస్తరేంది అంకుల్? జల్ది చెప్పుర్రి.”

“ఆగు బిడ్డ, జర భూతద్దం పెట్టనీ. విక్టోరియా రూపాయి. కింద చూడు, బొంబాయి టంకశాల గుర్తు, బీ అక్షరం. దాని కిందికెళ్లి ఇంకో బీ తొంగి చూస్తలేదా?”

“నాకేం కనిపిస్తలేదు.”

“అచ్చు చేసేటోడు బీ కొట్టిండు, వంకర పడ్డది. మళ్ల కొట్టిండు. పాతది పూర్తిగ పోలే. గిసొంటిది దొరకదు. పోయిన వారం మీ నానమ్మకు సుత గిదే చెప్పిన.”

“నానమ్మ... ఇక్కడికొచ్చిందా?”

“రాజమ్మక్క నీకు చెప్పలేదా?”

“చెప్పింది, చెప్పింది. ఆమెనే పంపింది. అమ్ముకొని రమ్మన్నది.”

“అమ్ముకొని రమ్మన్నదా!”

“అవ్. అయినా గిది గదే రూపాయని ఎట్లంటరు? గా అచ్చుల ఒక్కటే వచ్చిందా?”

“వేలకు వేలు వచ్చుంటయ్, ఇప్పుడు మిగిలినయే తక్కువ. బీని చూసి అంటలేను, అంచు మీద గీ నొక్కు చూసి అంటున్న. కానీ అప్పుడు నల్లగుండె. ఎందుకు తోమినవ్ రా? కడగొద్దని నెత్తి నోరు కొట్టుకొని చెప్పిన ఆమెకు.”

“మురికుండె. చింతపండుతోటి తోమిన.”

“ఏం మురికి?”

“పసుపు.”

“రూపాయికి పసుపెందుకంటింది?”

“ఏమో! దేవుని కాడ పెట్టిందేమో. కొంటరా, కొనరా? బేగంపేటల ఇంకొకాయన ఉన్నడు.”

“కూసో. నేనేమన్న తిడుతున్ననా? కూసో. గా దినం నేను కొంట అంటే మీ నానమ్మ ఏమన్నదో ఎర్కేనా? ‘మా అత్త ఇచ్చింది, దాసన్నా. నేను పోయినంక పసుపు పెట్టి నా నొసట అంటియ్యాలె. నాతోనే పోవాలె’ అన్నది.”

“నా రూపాయి నాకియ్యుర్రి, నేను పోత.”

“రాకేశ్, రాజమ్మక్క ఏది?”

“ఇంట్ల. పంజాగుట్టల.”

“ఫోన్ కలుపు, మాట్లాడత.”

“పండుకున్నది.”

“లేపమను. ఇంట్ల ఎవరున్నరు?”

“ఎవరూ లేరు. తాళం ఏసొచ్చిన.”

“ఏసయ్యా! ఎప్పుడు పోయింది రా? సచ్చిన మనిషి నొసట మీదికెళ్లి తీసుకొచ్చినవా? చేతులెట్ల వచ్చినయ్ నీకు?”

“పొద్దుగాల పిలిస్తే పలకలే అంకుల్. ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసిన, ఊపిరి లేదు. నేనే పసుపు పెట్టి అంటించిన. అంత మంచి రూపాయి మట్టిల పోతదని మనసొప్పలే, మళ్ల తీసిన.”

“సరే, ఏడ్వకు. అయిందేదో అయింది. రూపాయి జేబుల పెట్టుకో, మళ్ల ఆమె నొసటనే పెడదాం. పద, మీ వాడోళ్లను పిలుద్దాం.”

“ఎవ్వర్నీ పిలవకుర్రి!”

“ఎందుకు?”

“తీస్తుంటే... నా చెయ్యి పట్టుకున్నదంకుల్. ఇడిపించుకొని ఒచ్చిన.”