ఖాళీగా తిరిగి రాని సీసాలు

బిష్కెక్‌లో ఒక పరిశోధనాలయం, మధ్యాహ్నం. రేపు థీసిస్ సభలో నిలబడవలసిన బేగైమ్. సీసాలు, కణాలు చూసుకునే పెద్దావిడ, అందరూ ఎజే, అంటే అక్క, అని పిలిచే అనార్‌కుల్.

"ముందు ఆ టీ పక్కన పెట్టండి ఎజే. నేనడిగింది చెప్పండి."

"చల్లారిపోతుందే. మీ అమ్మ ఫోన్ చేసింది, రేపు నీ సభ అయ్యాక విందుకి గొర్రెను కోసేశారట. నలభై మంది వస్తున్నారట కదా."

"అరవై. ఎజే, ఈ కాగితం చూడండి."

"నా కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయాయి."

"మీ నెత్తిమీదే ఉన్నాయి."

"అవునే. అయినా నాకు ఆ భాష రాదు. నువ్వే చెప్పు."

"సభలో ఎవరైనా అడిగితే చూపిద్దామని నా కణాలకి డీఎన్ఏ పరీక్ష చేయించాను కదా, జర్మనీకి పంపి. ఇవి నా కణాలు కావంట."

"నీవి కాకపోతే ఎవరివి? నాలుగేళ్లు చంటిపిల్లల్ని సాకినట్టు సాకావు."

"ఆపరేషన్‌లో పారేసే మంచి ముక్క అడిగి తెచ్చుకుని, మూత్రాశయం లోపలి పొర గీకి పెంచాను. అలాంటి కణాలు పదిసార్లు సీసా మారిస్తే ముసలివైపోతాయి, పెరగడం ఆగిపోతుంది. నావి నలభైసార్లు మార్చినా పెరుగుతూనే ఉన్నాయి."

"అదేగా నీ థీసిస్. గుర్రపు పాల తేట పోస్తే ముసలితనం రాదని. నీ మాట నమ్మి నేనూ రోజూ ఒక గ్లాసు తాగుతున్నాను."

"తేట మహిమ ఏమీ లేదు. అవి కేన్సర్ కణాలు, వాటికి ఆగడం తెలీదు. సరిగ్గా ఆరో గదిలో సగిన్‌బెక్ గారు పెంచే రకం."

"ఆరో గదా."

"ఆరో గదే. మీకేం తెలుసు?"

"నాకేం తెలుస్తుంది, సీసాలు కడుక్కునేదాన్ని."

"ఎజే."

"చూశావా, టీ చల్లారిపోయింది."

"ఎజే, నా నాలుగేళ్లు నీళ్లపాలయ్యాయి. ఎలా పోయాయో అన్నా తెలియనివ్వండి."

"రెండేళ్ల కిందట మీ తమ్ముడి పెళ్లికని మీ ఊరు నరిన్ వెళ్లావు చూడు. అప్పుడు ఆరో గదిలో పనిచేసే తోతియా వచ్చింది. సీసాలు అయిపోయాయి, మూడు ఇవ్వమంది."

"ఇచ్చారు. ఇస్తే ఏమైంది?"

"ఖాళీ గిన్నె ఇరుగుపొరుగు చేతికివ్వడం మన ఇంటా వంటా ఉందా?"

"ఏం పెట్టి ఇచ్చారు ఎజే?"

"నువ్వు కొత్తగా గీకి పెట్టిన నీ కణాలే. మనవీ మూత్రాశయం పొరే, వాళ్లవీ మూత్రాశయం పొరే. కాస్త వాళ్లకీ ఉంటాయిలే అనుకున్నాను."

"మరి తోతియా..."

"అది మాత్రం తక్కువ తిందా? వారానికి తిరిగి తెచ్చిచ్చింది. ఖాళీగా తేలేదు. మంచి మనిషి."

"వాళ్ల కణాలు పెంచి తెచ్చింది."

"ఎంత నిండుగా ఉన్నాయనుకున్నావు. మనవి నీరసంగా కనిపిస్తే పారబోసి వీటినే ఉంచాను. నువ్వు ఊరినించి వచ్చి చూసి, ఎంత బాగా పెంచారని నన్ను ముద్దు కూడా పెట్టుకున్నావు. సీసా మీద నీ పేరు నేనేం మార్చలేదు."

"మరి మనమిచ్చినవి వాళ్లేం చేశారు?"

"ఆ తర్వాతే వాళ్ల సీసాలన్నిటికీ బూజు పట్టింది. మనమిచ్చినవే దిక్కయ్యాయి."

"ఉండండి. సగిన్‌బెక్ గారు కొండవేరు కషాయం పోస్తే కేన్సర్ కణాలు ఆగిపోయాయని నిరుడు పతకం తీసుకున్నారు కదా. ఎన్నోసారి సీసా మార్చాక ఆగాయట?"

"పదోసారి అని తోతియా అనేది."

"అవి నావి ఎజే. కషాయం పోసినా పొయ్యకపోయినా పదికి ఆగేవే."

"వచ్చే నెల నుంచి ఆ కషాయం రోగులకి ఇస్తారట."

"నేనిప్పుడే ఆయన దగ్గరికి వెళ్తాను."

"ఆయనకి తెలుసులే."

"ఏం తెలుసు?"

"పొద్దున్నే వచ్చాడు. ఇలాంటి కాగితమే ఆయన చేతిలోనూ ఉంది. నువ్వడిగినట్టే అడిగాడు, చెప్పాను. తర్వాత, మొన్న మనం బోర్సోక్ పిండివంట వేయించి పంపిన గిన్నె తిరిగిచ్చాడు."

"ఖాళీగానా?"

"ఎంత మాట. రేపటి సభకి ఆయనే కదా అధ్యక్షుడు. నీ థీసిస్ మీద తన అభిప్రాయం రాసి అందులో పెట్టాడు. శ్రేష్ఠం అని, కింద సంతకం. నువ్వు నోరు విప్పకపోతే తనూ విప్పనని చెప్పమన్నాడు."

"అందుకా పొద్దుట్నించీ టీ, టీ అంటున్నారు."

"తప్పు నాది తల్లీ. నా తప్పుకి నీ చదువెందుకు పోవాలి? రెండేళ్లుగా నా చేతులతో పెంచాను వాటిని, నాకు మాత్రం బాధ లేదా? ఆ సంతకం తీసుకో. రేపు నవ్వుతూ నిలబడు."

"సభవాళ్లంతా విందుకి వస్తారా?"

"రాకేం. తొమ్మిదిమందీ వస్తారు, కషాయం ఇవ్వబోయే ఆసుపత్రి పెద్ద డాక్టర్లు ఇద్దరూ వస్తారు. గొర్రెను కోశాక రాని వాళ్లెవరు? పోయేటప్పుడు ఎవరి వాటా మాంసం వాళ్లు పట్టుకెళ్తారని నిన్ననే సంచులు కూడా తెచ్చాను."

"ఎన్ని తెచ్చారు?"

"అరవై. ఎందుకు?"

"రేపు సభ ఉండదు ఎజే, విందు ఉంటుంది. ఈ కాగితం కింద మీరు చెప్పిందంతా రాసిస్తాను, అరవై కాపీలు తీయించండి. సంచికొకటి మాంసం పక్కన పెడదాం. మన ఇంటి నుంచి ఎవరినీ ఖాళీ చేతులతో పంపకూడదు కదా."