నూనెకు గాలి తగలకూడదని మూసిన గది

ఎస్సై గారూ, నన్ను ఒక్క మాట అడగకముందే మహేశ్వరిది ఆత్మహత్య అని మీరు తేల్చేశారు. చనిపోయిన పిల్ల మీద అబద్ధం రాశారు. ఇప్పుడు నేను చెప్పేది రాసుకోండి.

నా పేరు దాసరి గోవర్ధన్. వయసు యాభై మూడు. నివాసం చిక్కడపల్లి. నారాయణగూడలో ఒక ఇంటి కింది అంతస్తులో నడిచే ప్రైవేటు ల్యాబులో సూక్ష్మజీవుల విభాగం చూస్తాను. మహేశ్వరి, ఇరవై ఆరేళ్లు, అదే ల్యాబులో పరిశోధకురాలు. వంటనూనె మళ్లీ మళ్లీ కాగితే ఎంత పాడవుతుందో తేల్చడం ఆమె పని.

ఆ నూనె అశోక్ నగర్‌లో తన హాస్టల్ ముందు బజ్జీల బండి నుంచి తెచ్చేది. బండి రాములు, "బజ్జీలడిగేటోళ్లను చూసిన గని, మాడిన నూనె అడిగేదాన్ని నిన్నే చూస్తున్న బిడ్డా" అనేవాడు. "నీ నూనెకు పానం బాగలేదు కాకా, చూపిచ్చుకొస్త" అనేది.

గాలి, వెలుతురు తగిలితే నమూనా ఇంకా పాడవుతుంది. అందుకే ఆ పని కిటికీ లేని చిన్న గదిలో, తలుపు మూసి, సిలిండర్ నుంచి సీసాల్లోకి నైట్రోజన్ వదులుతూ చేస్తారు. ఆ తలుపు గొళ్లెం పెడితే తప్ప నిలవదు. లోపలి గొళ్లెం చూసి మీరు ఆత్మహత్య అన్నారు. రోజూ పెట్టే గొళ్లెమే అది.

గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్ ఉండేది. మాడిన నూనె కంపు పైకొస్తోందని ఇంటి ఓనరు గొడవ చేస్తే, మా డైరెక్టరు సూర్యప్రకాశరావు దాన్ని ఆపించాడు. సోమవారం మహేశ్వరి నా ముందే ఆయన్ను అడిగింది. "సార్, సిలిండర్ కాడ గ్యాసు సుయ్యిమంటుంది. ఫ్యాన్ లేక తల తిరుగుతుంది."

ఆయన నవ్వాడు. "నైట్రోజన్ విషమా అమ్మా? మనం పీల్చే గాలిలో ముప్పావు వంతు అదే. బయోకెమిస్ట్రీ చదివి నువ్వే భయపడితే ఎట్ల?"

విషం కాదు, నిజమే. రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో నిండితే ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. మనిషికి ఊపిరందడం లేదన్న సంగతి కూడా తెలియదు.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే పలకలేదు. తలుపు విరగ్గొట్టాం. బల్ల మీద తల వాల్చి ఉంది. చేతిలో సీసా మూత. సీసాలో నూనె పాడవలేదు. నూనె పాడవలేదు, ఎస్సై గారూ.

హాస్టల్ గదిలో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షల పుస్తకాలు దొరికాయన్నారు. అవి ఆమెతో ఉండే స్వరూపవి, అడగండి. మహేశ్వరి ఆ పరీక్ష ఎన్నడూ రాయలేదు. కోచింగ్ సెంటర్లుండే అశోక్ నగర్‌ వాళ్లు ఎవరు పోయినా పరీక్ష పోయి చచ్చారనుకోవడం మీకు తేలిక.

బుధవారం సాయంత్రం హాస్టల్ ముందు రాములు నన్ను ఆపాడు. "బిడ్డ రాలేదేంది సార్? నూనె తీసి పెట్టిన."

మహేశ్వరి తల్లి భూదేవి ఇప్పుడు స్టేషన్ బయట బెంచీ మీద ఉంది. పొద్దుటి నుంచి ఒకటే అడుగుతోంది: "బిడ్డతోని ఫోన్ల జర గట్టిగ మాట్లాడిన సార్. గందుకే చేసుకున్నదా?"

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం. అయినా ఈ కిందివి చేర్చితేనే సంతకం పెడతాను:

ఆత్మహత్య అన్న మాట కొట్టేయాలి.

ఆ గదికి, సిలిండరుకు, ఫ్యానుకు సీలు వేసి బయటి నిపుణులతో పరీక్ష చేయించాలి.

సూర్యప్రకాశరావు మీద నిర్లక్ష్యం కేసు పెట్టాలి. ఇంటి ఓనరునూ విచారించాలి.

మీరు ఇప్పుడే లేచి బయటికెళ్లి, ఫోనులో అన్న మాటకూ ఈ చావుకూ సంబంధం లేదని భూదేవికి మీ నోటితో చెప్పాలి.

(సంతకం) దాసరి గోవర్ధన్