క్లాసు వెబ్‌సైట్‌లో నాయిన కేలెండర్

"పద్నాలుగో తేదీ పులివెందులలో బెల్లం ఓళిగలు తిన్నావంట గదా, నాయినా."

ప్రొద్దుటూరు ఇంట్లో అన్నం తిని లేస్తున్న మాస్టారు కూతురివైపు అనుమానంగా చూశారు.

"నీకెవురు చెప్పినారు? నా ఎనక మనిషిని పెట్టినావా?"

"నువ్వే చెప్పినావు. షుగరుకని తిన్నవన్నీ ఫోన్ కేలెండర్‌లో రాసుకుంటావే, పరీక్షల తేదీలతో పాటు దాన్నీ క్లాసు వెబ్‌సైట్‌లో పెట్టినావు. పిల్లోల అమ్మానాయినలంతా చదువుతాండారు."

"ఇప్పుడే తీసేస్తా."

"ఆగు. ఆ ఓళిగల పక్కన, ఇంకా ప్రతి వారం 'హేమలత ఇంట్లో' అని ఉండాది. ఎవురామె?"

"తెలిసినామె."

"అమ్మ పోయినాక ఓళిగలు ముట్టనంటివే."

ఆయన ఫోన్ తీసి కేలెండర్ తెరిచారు.

"ఆదివారం కింద 'పాపకు చెప్పాలి' అని రాసినావు. ఏంది నాకు చెప్పేది?"

"అదీ చూసినావా?"

"చూసినా. ఊరంతా చూడకముందే తీసెయ్. ఆదివారం నువ్వే చెప్పు, అందాకా నేనేమీ అడగను."

ఆమె పడుకోవడానికి వెళ్లి, గది తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.