తల్లి పోలిక మొక్కలు

సభకు అధ్యక్షత వహిస్తున్న దోన ఒదెచి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక ఉడికించిన పైన్ గింజలు ఒలుచుకుంటూ నా మాటలు వింటున్నట్టు నటిస్తున్న మిత్రులకు (నవ్వులు) నమస్కారం.

మన ప్రుదెంతోపొలిస్ ఊరి పూలసంఘంలో ముప్పై ఒక్క ఏళ్లుగా దుంపమొక్కలను సంకరం చేసి కొత్త పూలు పూయిస్తున్న మన పెద్దాయన సెయు ఎవాల్డో, చూపు తగ్గిందంటూ ఈ రోజు ఆ పని మానేస్తున్నారు. నాకు ఆ విద్య నేర్పింది ఆయనే. మొదటిరోజే, "అమ్మాయ్ నెయీదీ, చలికాలంలో ఆకు రాలిన కుండీ చూసి చచ్చిందని పారేశావో, నిన్నూ దాంతోపాటే పారేస్తా" అన్నారు. దోన జుల్మీరా, మీవారు ఇంట్లోనూ ఇంత ముద్దుగానే మాట్లాడతారా? (నవ్వులు)

నాలుగేళ్ల కిందట, మన కొండ అంచుల్లో పెరిగే లోయరాణి అనే దుంపమొక్కకు ఈయన ఊదాపూల మొక్క పుప్పొడి అద్దారు. మొలకలన్నీ తల్లిలాగే వెండి నూగాకులు తొడిగితే, "ఆకులు తల్లివే, పూలు తండ్రివి వస్తాయి చూస్తూ ఉండు" అని మూడేళ్లు మురిసిపోయారు. కిందటేడు ప్రదర్శనలో 'కొత్త సంకరం' అని పలక పెట్టి నిలబడితే, విచ్చిన ప్రతి పువ్వూ తల్లి పువ్వే. "ఏం ఎవాల్డో, పెళ్లికొడుకు రాకుండానే పెళ్లి చేశావా?" అన్నారెవరో. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన మాత్రం, "నెయీది తన పని సరిగ్గానే చేసింది. నేనే వేరే పువ్వుకు అద్ది ఉంటాను. కళ్లు పోయాయి" అన్నారు.

(ఎవాల్డో వైపు తిరిగి)

మీ కళ్లు పోలేదు సెయు ఎవాల్డో. తల్లిపువ్వు విచ్చీ విచ్చకముందే దాని పుప్పొడి తిత్తులు తీసేయమని నాకు చెప్పి వెళ్లారు. నేను మాతె టీ తాగుతూ కబుర్లలో పడి, మర్నాడు మీరు పుప్పొడి అద్దడానికొచ్చే ముందు గబగబా లాగేశాను. అప్పటికే ఆ పొడి రాలి అదే పువ్వుకు అంటుకుంది, అందుకే పిల్లలన్నీ తల్లిలాగే పూశాయి. "నిన్ననే తీశా" అని అబద్ధమాడాను. మీరు నన్ను నమ్మి మీ కళ్లను అనుమానించారు. ఏడాదిగా సిగ్గుతో చస్తున్నాను, క్షమించండి.

("మూడేళ్లు నన్ను మొద్దును చేశావు కదే!" — సభలోంచి ఎవాల్డో. నవ్వులు.)

అవునండీ, తిట్టండి. కానీ మా ఇంట్లో లోయరాణి మొగ్గ రేపు పొద్దున విచ్చుకుంటుంది. నేను ముట్టుకోను. తిత్తులు తీయడానికి మీరే రావాలి, పొడి రాలకముందే, ఎనిమిదిలోపే. తలుపు తీసి ఉంచుతాను. ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. నాకు సెలవిప్పించండి, ఆయనకు మాత్రం ఇవ్వకండి.