ఎస్తేరు మాట ఉన్న స్పూలు

నా పేరు విమల. తండ్రి పేరు ప్రభుదాసు. వయసు ఇరవై తొమ్మిది. మేము క్రైస్తవులం, వరంగల్ రైల్వే గేటు దగ్గర ఉంటాం. స్టేషన్ రోడ్డులోని మల్లికార్జున్ సౌండ్ కంపెనీలో కాయిల్ చుట్టే పని నాది. ఈ రోజు, 1966 మే 13 శుక్రవారం, పొద్దున పదకొండు గంటలకు ఈ ఠాణాలో ఎస్సై గారు అడిగినందుకు చెబుతున్నాను.

మా కంపెనీలో యాంప్లిఫైయర్లు తయారుచేస్తారు, పెళ్లిళ్లకూ సభలకూ మైకులు కిరాయికిస్తారు. పాటల కంపెనీలో పని అనగానే నన్ను అదృష్టవంతురాలు అంటారు. లోపల మాకు పాట బందు. వెంట్రుకంత రాగితీగ చుట్టేటప్పుడు నోట్లో పాట ఉంటే చుట్ల లెక్క తప్పుతుంది, మొత్తం విప్పి మళ్లీ చుట్టాలి. సాయంత్రానికి వార్నిష్ వాసనకు పాడాలని అనిపించదు కూడా.

ఇస్సాకు మా మెకానిక్కు. చుట్టం కాదు, అన్నా అని పిలుస్తాను. నాలుగేళ్ల కింద కంపెనీకి టేపు రికార్డరు వచ్చిన రోజు, పరీక్షకు ఎవరి మాటైనా పట్టాలన్నారు. అప్పుడే అతని భార్య ఎస్తేరు అన్నం గిన్నె పట్టుకొని వచ్చింది. నేనే ఆమెను మైకు ముందుకు నెట్టాను. "నేనేం మాట్లాడాలె?" అని సిగ్గుపడి, మొగుడి దిక్కు తిరిగి, "అన్నం సల్లారుతాంది. తింటవా, తినవా?" అన్నది. వెనక నా నవ్వు కూడా టేపు మీద పడింది.

నిరుడు ఎస్తేరు టైఫాయిడ్‌తో దవాఖానలో చనిపోయింది. అప్పటినుంచి ఇస్సాకు పొద్దున రాగానే మిషన్ పరీక్ష అని చెప్పి, ఆమె మాట పడిన టేపు చుట్టి ఉన్న ఆ స్పూలే పెట్టేవాడు. తింటవా, తినవా అని ఆమె అడిగేది. "తింట" అని మెల్లగా అనేవాడు. మేము విననట్టు తల వంచుకొని తీగ చుట్టుకునేవాళ్లం.

మొన్న బుధవారం మా సేటు మల్లికార్జున్ ఒక ధాన్యం వ్యాపారి ఇంట్లో పెళ్లిపాటలు టేపు మీద పట్టడానికి ఒప్పుకున్నాడు. కొత్త స్పూలు హైదరాబాదులో కూడా దొరకలేదు, ఎస్తేరు మాట ఉన్నదాన్నే వాడదామన్నాడు. పాతదాని మీద కొత్త పాట పడితే పాత మాట చెరిగిపోతుంది. ఇస్సాకు సేటు చేతులు పట్టుకున్నాడు.

"సేటూ, జర ఇదొక్కటి ఇడిసిపెట్టు."

"పోయినామె టేపుల ఉంటదా ఏంది? ఫికర్ చెయ్యకు, తియ్యి."

సేటు చెడ్డవాడు కాదు. ఎస్తేరును సమాధి చేసిన రోజు కంపెనీ మూసి అందరినీ తీసుకొని వచ్చాడు. కానీ ఆ మాటకు మాత్రం నేను ఆయనను క్షమించను.

నిన్న తొమ్మిదింటికి చూస్తే స్పూలు లేదు. ఇస్సాకూ రాలేదు. పెళ్లివాళ్లు గడపలో నిలబడ్డారు. సేటు నా మీద లేచాడు. భయంతో "ఇస్సాకన్న ఇంట్ల ఉంటదేమో" అన్నాను. ఎందుకన్నానో, నా నోరు పడిపోయినా బాగుండేది. కాయిల్ తప్పు చుడితే విప్పుతాను, ఆ మాటను ఎలా విప్పాలి?

సేటు ఫిర్యాదు మీద మీవాళ్లు వెతికితే అతని ఇంట్లో స్పూలు, ఒక మైకు హారన్ యూనిట్ దొరికాయని, రెండూ దొంగసొత్తని రాసి అతన్ని లాకప్‌లో పెట్టారు. హారన్‌ను బాగుచేయమని సేటే పంపాడు, ఎప్పుడూ పంపుతాడు. స్పూలు అమ్ముకోవడానికి తీయలేదు. వినడానికి ఆ ఇంట్లో మిషన్ లేదు, కరెంటు కూడా లేదు. చెరిగిపోకుండా దాచుకున్నాడు, అంతే.

ఇంకొకటి రాయండి సారు. వచ్చినప్పటినుంచి మీ బల్ల కింద ఆ గోనెసంచిని చూస్తున్నాను. స్పూలు హారన్ కింద ఉన్నది చిరుగులోంచి కనిపిస్తోంది. హారన్‌లో పెద్ద అయస్కాంతం ఉంటుంది, అది ఆనుకొని ఉంటే టేపు మీద మాట పోతుంది. కంపెనీలో ఎవరైనా రెండూ దగ్గర పెడితే ఇస్సాకు తిట్టేవాడు. ఇంట్లో కూడా స్పూలు ఎస్తేరు చీరల పెట్టెలో, హారన్ వాకిట్లో దొరికాయని మీ కానిస్టేబులే చెప్పాడు. ఒక్క సంచిలో వేసింది ఇస్సాకు కాదు. నిన్నటినుంచి అలాగే ఉందట.

(ఎస్సై గారు సంచి విప్పించి స్పూలును వేరే బల్ల మీద పెట్టించారు. మిషన్ తెప్పించి మాట ఉందో లేదో చూద్దామన్నారు.)

వద్దని చెప్పాను. ఉన్నా పోయినా ముందు ఇస్సాకే వినాలి. అందులో నా నవ్వు పోతే పోనీ.

నేను చెప్పిందంతా రాసి నాకు చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు. ఇస్సాకు నిన్నటినుంచి మెతుకు ముట్టలేదని కానిస్టేబులు అన్నాడు. అన్నం తెచ్చాను, లోపలికి మీరే పంపండి. తింటవా అని నేను అడగలేను.

(సంతకం) పి. విమల