అమ్మ కొన్న గుర్రం

గుర్రపుశాల ముందు తల్లి జీను పట్టీ బిగిస్తోంది. ఎముకల డాక్టరైన కూతురు ఆస్పత్రి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది.

“గుర్రం కొన్నావటగా! నాకు మాటమాత్రం కూడా చెప్పలేదేంటమ్మా?”

“చెబితే కొననిచ్చేదానివా?”

“పెళ్లికి ముందెప్పుడో స్వారీ చేశావు. నలభై ఏళ్లయింది. ఇప్పుడు నీకు అరవై ఒకటి.”

“దీనికి పదిహేడు, గుర్రాల్లో ఇదీ ముసలిదే. మా ఇద్దరికీ తొందరేం లేదు.”

“పోయిన వారం కింద కూడా పడ్డావట.”

“పడ్డాను. దులుపుకుని మళ్లీ ఎక్కాను. నీకు చెప్పినవాళ్లు ఆ సంగతి చెప్పలేదా?”

“తుంటి విరిగితే ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నదాన్ని నేను.”

“విరిగితే నీ దగ్గరికే వస్తాలే, ఇంకెక్కడికీ పోను.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“కాదే. మీ నాన్న పోయాక రెండేళ్లపాటు రోజూ ఫోన్ చేసి, ఏం చేస్తున్నావమ్మా అని అడిగావు. ఏముంది, ఊరికే కూర్చున్నాననే చెప్పాను. రోజూ అదే జవాబు. ఇప్పుడడుగు.”

కూతురు గుర్రం మెడ నిమిరింది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“స్వారీకి వెళ్తున్నాను. ఆ గేటు తియ్యి.”

కూతురు గేటు బార్లా తీసింది.